ఎవరి చేతి లేహ్యం

దుకాణం చెక్కతలుపులు తియ్యకముందే గుయిరోంగ్ రోజూ చేసే పని ఒకటుంది. ఆరిన శతావరి దుంపలు రెండు తీసి కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుంటుంది. ఒకటి తను ఒలిచింది, రెండోది తోడికోడలు యున్‌జి ఒలిచింది. తనది తేనెరంగులో మెరుస్తూ వెలుగును లోపలికి రానిస్తుంది. యున్‌జి ఒలిచినదాని మీద ఎక్కడో ఒకచోట తొక్క మిగిలి మచ్చలా కనిపిస్తుంది. ఆ మచ్చ చూశాకగాని ఆమెకు పొద్దుటి టీ రుచించదు.

సిచువాన్‌లో తువో నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్లో గాన్ వైద్యుడి దుకాణానికి ఆమె పెద్దకోడలుగా వచ్చింది. వచ్చిన మొదటి చలికాలంలోనే మావగారు ఆమె ముందు ఆవిరి కక్కే దుంపల గంప పెట్టారు. ఉడికిన దుంప చల్లారితే తొక్క రాదు. వేడిమీదే గోటితో గిల్లి, ఒక్క లాగులో ఒలిచి, చన్నీళ్లలో వేసెయ్యాలి. ఇరవై ఆరు చలికాలాలు అలా ఒలిచింది. వేళ్ల కొసలు మొద్దుబారి, ఇప్పుడు సూదిలో దారం ఎక్కించడం కూడా కష్టమే.

ఆమె పెళ్లయిన ఆరేళ్లకు చిన్నకోడలు యున్‌జి వచ్చింది. రెండోరోజుకే ఆమె వేళ్లు బొబ్బలెక్కాయి. మావగారు జాలిపడి, "నువ్వు లేహ్యం కలుపమ్మా" అని రాగి బాణలి దగ్గర కూచోబెట్టారు. చేతగానితనానికి దొరికిన బహుమానం అది. గుయిరోంగ్ ఇప్పటికీ అలాగే అనుకుంటుంది. ఆ తర్వాత చిన్నకోడలు అడపాదడపా నాలుగు దుంపలు ఒలిచినా, కాస్త చల్లారనిచ్చే ఒలిచేది. శరత్కాలపు పొడిగాలికి గొంతు ఎండి, కఫం పడని దగ్గుతో జనం వచ్చేవాళ్లు. "యున్‌జి లేహ్యం ఉందా?" అని అడిగేవాళ్లు. ఆ లేహ్యంలోని దుంపలు ఎవరు ఒలిచారని ఒక్కరూ అడగలేదు.

ఇరవై ఆరో చలికాలం దాటిన ఏడు మావగారి కళ్లకు పొరలు కమ్మాయి. పాకం ముదిరిందో లేదో చూసి తేనె పోసే పని అన్నాళ్లూ ఆయనదే.

"ఇంక నావల్ల కాదు. ఈ చలికాలం పొయ్యి ఒకరికి అప్పగిస్తాను" అన్నారు భోజనాల దగ్గర. ఎవరికన్నది చెప్పలేదు. యున్‌జి వినయంగా ఆయన గిన్నెలో ముల్లంగి ముక్క వేసింది. ఆ వినయం చూస్తే గుయిరోంగ్‌కి ఒళ్లు మండింది.

మర్నాడు యున్‌జి సంతకు వెళ్లగానే గుయిరోంగ్ తన దుంపల్లోంచి మేలైనవి ఏరి, తన వంటగదిలో మట్టికుండలో వేసింది. మూడుసార్లు కషాయం తీసి, వడగట్టి, సన్నసెగ మీద ఇగరబెట్టి, తేనె పోసింది. ఇన్నేళ్లూ ఓరకంటితో చూసి నేర్చుకున్న పని అది. సీసా నిండింది. బాగుందని చెప్పేవాళ్లే లేరు.

సరిగ్గా అప్పుడే సోయా పెరుగు అమ్మే చియు దగ్గుకుంటూ దుకాణం ముందుకొచ్చింది.

"వదినా, ఛాతీ పగిలిపోతోంది. ఏదన్నా ఉంటే ఇద్దూ."

"నీ అదృష్టం. ఇలాంటిది ఈ ఊళ్లో ఎవరూ తిని ఉండరు. పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా. ఇది తిన్నన్నాళ్లూ కార్ప్ చేప ముట్టకు."

పథ్యం చెప్పింది గాని, రోగం చలిదో వేడిదో తెలిపే నాలుక మాత్రం చూడలేదు. నాలుక చూడకుండా గాన్ వారి దుకాణంలో ఎండిన ఆకు కూడా ఇవ్వరు.

నాలుగోరోజు చియు ఒక చేత్తో పొట్ట, రెండో చేత్తో ఆ సీసా పట్టుకుని వచ్చింది.

"గాన్ తాతా! మీ పెద్దకోడలు ఇచ్చింది మందా, జులాబా? మూడురోజులుగా నా బేరమంతా మరుగుదొడ్డి పాలైంది!"

మందు కోసం బల్లమీద కూచున్నవాళ్లు గొల్లుమన్నారు. ముసలాయన ఆమె నాలుకను కళ్లకు దగ్గరగా చూశారు. తెల్లటి మందమైన పాచి.

"ఇది చలిదగ్గు. శతావరి అసలే చలవ, పొట్టలోకి ఇంకా చలి దించింది. పెద్దకోడలా, నాలుక చూశావా?"

గుయిరోంగ్ బల్లమీది పొట్లాలు సర్దుతూ అంది, "నేను సీసా అందించానంతే మావయ్యా. వండింది యున్‌జి. పాకం ఎక్కడో చెడి ఉంటుంది."

"నేనా? ఈ సీసా నాది కాదక్కా!" యున్‌జి తెల్లబోయింది.

మావగారు సీసా అందుకున్నారు. ఒక చుక్క తీసి నీళ్లగిన్నెలో వేశారు. చుక్క కరగలేదు, ముత్యంలా అడుగున కూచుంది. నాలుక మీద రాసుకుని కళ్లు మూసుకున్నారు.

"పాకంలో తప్పేం లేదు. మా నాన్న పోయాక ఇలాంటి లేహ్యం తినడం ఇదే. యున్‌జీ, నీ చెయ్యి పండింది తల్లీ. పొయ్యి నీదే."

యున్‌జి నోరు తెరిచేలోపే గుయిరోంగ్ అరిచింది.

"అది నేను వండింది! నా దుంపలు, నా కుండ, నా చెయ్యి! దాని బాణలిలో ఎప్పుడైనా చుక్క అలా నిలిచిందా?"

దుకాణంలో దగ్గేవాళ్లు కూడా ఆగిపోయారు. చియు ఒక్కతే, "అయితే నా పొట్ట పాడుచేసింది నువ్వేనన్నమాట వదినా" అంది.

మావగారు నీళ్లగిన్నె పక్కకు పెట్టారు.

"ఈ పూట నాతో అబద్ధమాడావు. నాలుక చూడకుండా మందిచ్చావు. కానీ ఇంత బాగా వండావే" అన్నారు. "పొయ్యి నువ్వు తీసుకో. ఇవ్వడం మాత్రం యున్‌జి పని. అది నాలుక చూసి సరేనన్నాకే ఒక్క చెంచా అయినా గడప దాటాలి."

కోరుకున్నది దొరికింది. అయినా లోపల బాణలి కలుపుతూ, బయట జనం యున్‌జికి దండాలు పెట్టడం వినాల్సి వచ్చేది. విన్నప్పుడల్లా గరిటె గట్టిగా మోగేది.

గుయిరోంగ్‌కి ఇప్పుడు యాభై తొమ్మిదేళ్లు. కిందటి చలికాలం మూడువందల పది సీసాల లేహ్యం వండింది. ఒక్క సీసా కూడా తన చేత్తో ఎవరికీ ఇవ్వలేదు.