బొమ్మ మసగ్గా ఉంది

మా పాత టీవీకి ఏ రోగమూ లేదని నందిగామ నుంచి వచ్చిన మెకానిక్ రెండుసార్లు చెప్పాడు. రెండోసారి కాస్త విసుగ్గా చెప్పాడు. నాన్న ఒప్పుకోలేదు. "బొమ్మ మసగ్గా ఉందయ్యా, నాకు కనపడట్లా?" అని ఎదురు ప్రశ్న వేశాడు. అలా జగ్గయ్యపేటలో మా ఇంటికి ప్లాస్మా టీవీ వచ్చింది. దాన్ని నలుగురు మోసుకొస్తుంటే ఎదురింటాయన లేచి నిలబడి చెప్పులు విప్పాడు. ఏం మోస్తున్నారో చూశాక మళ్లీ తొడుక్కున్నాడు.

నాన్నది పప్పుధాన్యాల హోల్‌సేల్ కొట్టు. రైతు తెచ్చిన కందుల్ని అరచేతిలో పోసుకుని ఒక్క చూపులో పుచ్చెంతో చెప్పేవాడు. ఈ మధ్య చూడ్డం తగ్గించి, గింజ కొరికి చెబుతున్నాడు. అనుభవం ముదిరిందనుకున్నాం. కళ్లు నులుముకుంటుంటే సిమెంటు లారీల దుమ్మనుకున్నాం.

కేబుల్ వైరు పెట్టి ఆన్ చేస్తే, అంత పెద్ద టీవీలో వార్తలు చదివే ఆవిడ మొహం ఉప్మాలా వచ్చింది. అమ్మ గతుక్కుమంది. నాన్న "ఇదీ మసకే" అన్నాడు.

ఇంట్లో ఇంజనీరింగ్ వెలగబెడుతున్నవాణ్ని నేనొక్కణ్నే. కేబుల్‌లో వచ్చే బొమ్మ చిన్నదనీ, ఇంత టీవీకి సాగదీస్తే ఇలాగే ఉంటుందనీ ఉపన్యాసం ఇచ్చాను. డీవీడీ ప్లేయర్ తెచ్చి, ముందు పసుపు వైరుతో కలిపాను. బొమ్మంతా ఆ ఒక్క వైరులోంచే రావాలి కాబట్టి రంగులు ఒకదాని మీదొకటి కారాయి.

"ఇప్పుడెట్టా ఉంది నాన్నా?"

"కాస్త నయం."

నాకు కోతి బుద్ధి పుట్టింది. టీవీ వెనక్కి వెళ్లి కాసేపు గలగలలాడించి, ఏమీ మార్చకుండానే బయటికొచ్చాను.

"ఇప్పుడు?"

"ఆఁ, ఇప్పుడు బాగుందిరా! కిటుకంతా వైర్లోనే ఉంది."

అమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు చాలు నాకు, ఆ పూట గడిచిపోయింది.

తర్వాత నిజంగానే ఆకుపచ్చ, నీలం, ఎరుపు వైర్లు మూడూ కలిపాను. ఎవరికీ చెప్పలేదు. బొమ్మ కడిగినట్టు వచ్చింది.

"అమ్మో, హీరోయిన్ ముక్కుపుడకలో రాయి కూడా కనపడతందే!" అంది అమ్మ.

నాన్న టీవీ వైపే చూస్తున్నాడు. "మార్చావా?" అన్నాడు.

నేను టీవీ ఆపేశాను.

"ఎప్పట్నించి?" అంది అమ్మ.

"పోయినేడు పెసలప్పట్నించి."

"మరి చెప్పవేం?"

"టీవీదే అనుకున్నానే."

బెజవాడలో కళ్ల డాక్టరు చాలా మర్యాదస్తుడు. "శుక్లాలైతే తీసేసేవాళ్లమండి. ఇవి నీటికాసులు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడానికి చుక్కలు వేసుకోవాలి" అన్నాడు. ఎడం కన్ను దాదాపు అయిపోయిందట. ఆలస్యంగా వచ్చారని మాత్రం అనలేదు. అంటే బాగుండేది, తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు.

తిరుగు బస్సు నందిగామ స్టాండులో ఆగగానే నాన్న నా మోచెయ్యి తట్టాడు.

"కొట్లో చెప్పమాక."

"చెప్పన్లే."

"తెలిస్తే నా మొహం మీదే పుచ్చుకందులు పోస్తారు."

"పొయ్యనీ, కొరికి చెబుదువుగానీ" అన్నాను. నవ్వాడు. నవ్వి కిటికీ వైపు తిరిగాడు.

మర్నాటి నుంచి కాలేజీ లేనప్పుడల్లా కొట్లో కూర్చుంటున్నాను. కందులు అరచేతిలోకి రాగానే నాన్న చెయ్యి కొంచెం నా వైపు వంగుతుంది. నేను పక్కన గొణుగుతాను, ఆయన గట్టిగా చెబుతాడు. ఇంతవరకూ ఏ రైతూ కనిపెట్టలేదు. కనిపెట్టి ఊరుకున్నవాళ్లు ఎందరో నాకు తెలియదు.

రోజూ పొద్దున కళ్లల్లో చుక్కలు వేసేది నేనే. వేశాక అలవాటు కొద్దీ అడుగుతాను.

"ఇప్పుడెట్టా ఉంది నాన్నా?"

"కాస్త నయం."

అది నిజమో కాదో తేల్చే పరీక్షలు నేను మానేశాను.