సెవ్దాలిన్ బాబాయి రెండో గేరు

కొట్టులో పొయ్యి చుట్టూ చేరి మా ఊరివాళ్ళు సెవ్దాలిన్ బాబాయి గురించి చెప్పుకునేది ఇదీ: పెళ్ళాం వెనక సీట్లో నొప్పితో మెలికలు తిరుగుతుంటే ఆయన కారును నత్తలా నడిపాడట. నాలుగు చక్రాలూ లాగే కారు ఉండి కూడా మంచుకు జడిశాడట. కనుమ దిగేలోపే వెలికా ప్రాణం పోయిందట.

కొట్టు నడిపే స్తాంకా దానికి ఇంకో మాట కలుపుతుంది. "కిటికీ అద్దం కూడా దించేశాడంటమ్మా! జబ్బు మనిషిని చలిగాలికి పెట్టి మరీ తీసుకెళ్ళాడు."

వెలికా మా అమ్మ చెల్లెలు. మా ఊరి బడి మూసేశాక, పిల్లల్ని కింద పట్నం బడికి దింపే బస్సు చలికాలంలో రావడం మానేసింది. నా చదువు ఎనిమిదో తరగతి మధ్యలో ఆగిపోయింది. అప్పటినుంచి పిన్ని ఇంట్లోనే ఉన్నాను. ఆ రోజు వెనక సీట్లో పిన్ని తల నా ఒళ్ళోనే ఉంది.

బాబాయి చాలా ఏళ్ళు కొండ మీదినుంచి దుంగల లారీ నడిపాడు. ఒక చలికాలం తన ముందు పోతున్న లారీ మలుపులో బ్రేకు తొక్కి, ఏ చప్పుడూ లేకుండా అంచు దాటిపోవడం చూశాడు. ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పాడు, బంగాళాదుంపలు ఒలుస్తూ. తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

బాబాయి కారు జర్మనీలో ఏదో కుటుంబం వాడి అమ్మేసింది. వెనక కిటికీల మీద ఆ పిల్లలు అంటించిన ఏనుగు, చేప బొమ్మలు ఇంకా ఉన్నాయి. బాబాయి గీకేస్తానంటే పిన్ని ఒప్పుకోలేదు. వాళ్ళకు పిల్లలు లేరు.

మా ఊళ్ళో మంచు మీద పట్టునిచ్చే చలికాలపు టైర్లు ముందు చక్రాలకే వేస్తారు. పాత కార్లను ముందు చక్రాలే లాగేవి, ఆ అలవాటు అలాగే నిలిచిపోయింది. అన్నదమ్ములు నాలుగు కొనుక్కుని చెరో రెండూ పంచుకుంటారు. బాబాయి ఒక్కడే నాలుగు చక్రాలకూ వేయించాడు. పక్కింటి ఒగ్న్యాన్‌దీ అలాంటి కారే. అతను గేటు మీద మోచేతులు ఆనించి నవ్వాడు.

"ఏంటి మావా, వెనక కాళ్ళక్కూడా చలేస్తోందా?"

"ముందు కాళ్ళు నిలబడి వెనక కాళ్ళు జారితే ఏమవుద్దో మీ గాడిదనడుగు."

"నాలుగు చక్రాలూ లాగే బండికి భయమేంటి మావా!"

"లాగడానికి నాలుగూ లాగుతాయిరా. ఆగడం దగ్గర అన్ని బండ్లూ ఒకటే."

ఇప్పుడు బాబాయి కారు పెరట్లో చెక్కదిమ్మల మీద ఉంది. పిన్నిని పూడ్చిన వారానికి బాబాయి నాలుగు టైర్లూ విప్పి ఒగ్న్యాన్‌కి ఇచ్చేశాడు. ఒగ్న్యాన్ రెండు ముందుకి వేసుకుని, రెండు తమ్ముడికిచ్చాడు.

బాబాయి కొట్టుకి వెళ్ళడు. నేను ఒకసారి పెరుగు కొనడానికి వెళ్ళి, జరిగింది చెబుదామని నోరు తెరిచాను. స్తాంకా నా చేతిలో చిల్లర పెట్టి గొంతు తగ్గించింది. "వద్దు తల్లీ. మా ఆయనది గుండె జబ్బు. అవసరం పడితే మా అబ్బాయి బండి తొందరగా తోల్తాడు. మాకా భయం లేదు. నువ్వింకేం చెప్పకు." నేను పెరుగు తీసుకుని వచ్చేశాను.

ఆ రోజు జరిగింది ఇది.

పిన్నికి రెండు రోజులుగా కడుపునొప్పి. చిక్కుడు గింజలు పడలేదని చెప్పి దాచింది. మూడో రోజు పొద్దున పొయ్యి ముందు కూలబడింది. పొట్ట చెక్కలా గట్టిపడింది. ఫోను చేస్తే ఆంబులెన్సు పైకి రావడం కుదరదని, మీరే దింపమని చెప్పారు.

బాబాయి ముందు కారు కప్పు మీది మంచు తోయడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. "పోనీయ్ బాబాయ్! ఇప్పుడదెందుకు?"

"దిగుడులో అది జారి అద్దం మీద పడుద్దమ్మా. అప్పుడు గుడ్డిగా తోలాలి." దీపాలు కూడా తుడిచాడు. కోటు విప్పి పిన్ని మీద కప్పాడు, పారా వెనక పెట్టాడు, ఎక్కాడు.

పిన్ని కళ్ళు తెరవకుండానే అంది, "పెళ్ళికీ ఇలాగే లేటుగా వచ్చాడే."

కనుమ మీద రెండో గేరు వేశాడు, ఇక మార్చలేదు. ఇంజనే కారును పట్టి ఉంచింది. తన వైపు అద్దం కొంచెం దించాడు. చలిగాలి ముఖానికి కొట్టింది.

"మూసెయ్ బాబాయ్, పిన్ని వణుకుతోంది."

"వినాలమ్మా. కరకరమన్నంతసేపూ టైరుకి పట్టు ఉన్నట్టు. చప్పుడు ఆగిందంటే కింద మంచు గాజులా గడ్డకట్టినట్టు."

మేం ముగ్గురం ఆ కరకర వింటూ కూర్చున్నాం. పిన్ని మూలిగినప్పుడల్లా బాబాయి భుజాలు బిగుసుకునేవి, కాలు మాత్రం కదిలేది కాదు. ఇంతలో వెనకనుంచి హారను. ఒగ్న్యాన్. పక్కకొచ్చి అద్దం దించి అరిచాడు.

"దున్నపోతు మీదెళ్ళినా ఈపాటికి చేరేవాడివి మావా!"

మా పక్కనుంచి దూసుకుపోయాడు. మలుపులో అతని కారు వెనక భాగం లోయ వైపు ఊగింది, మళ్ళీ సర్దుకుంది, కనపడకుండా పోయింది. అతనికి ఏమీ కాలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మేం కిందికి చేరేలోపు అతను వంతెన దగ్గర కాఫీ తాగుతూ మా సంగతి చెప్పడం కూడా మొదలుపెట్టాడు.

"చూశావా, వెళ్ళిపోయాడు! నువ్వూ పోనీ!" అని బాబాయి సీటును గుద్దాను.

"తిట్టు, పర్లేదు. మీ పిన్ని తల గట్టిగా పట్టుకో."

సరిగ్గా అప్పుడే కరకర ఆగిపోయింది. కారులో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. బాబాయి రెండు కాళ్ళూ వెనక్కి తీసుకున్నాడు. బ్రేకు తాకలేదు, స్టీరింగు తిప్పలేదు. కారు తనంతట తాను అంచు వైపు మెల్లగా వాలుతూ పోయింది. కిటికీ మీది ఏనుగు బొమ్మ వెనక లోయ తెల్లగా కనిపించింది. తర్వాత మళ్ళీ చప్పుడు మొదలైంది, ముందు ఒక పక్క, ఆపైన రెండు పక్కలా.

"ఊపిరి తీసుకోవచ్చా?" అంది పిన్ని.

"తీసుకో," అన్నాడు బాబాయి. ఆయన మెడ మీద చెమట కారుతోంది.

కింద పట్నం ఆసుపత్రి ముందు కారు ఆగేసరికి పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. పిన్నికి తెలివి బాగానే ఉంది. నేనొక పక్క, బాబాయి ఒక పక్క పట్టుకుంటే తన కాళ్ళ మీదే నడిచింది. మెట్ల దగ్గర ఆగి వెనక్కి చూసింది. "అద్దం ఎత్తెయ్, సీటు తడిసిపోద్ది." బాబాయి వెళ్ళి ఎత్తి వచ్చాడు.

నర్సు పిన్ని పొట్ట మీద చెయ్యి వేసి చూసి, వెంటనే ఆపరేషన్ చేయాలంది. పెద్ద పట్నానికి ఫోను చేసింది. ఆ దారిలో చెట్లు పడ్డాయని, బండి సాయంత్రానికి వస్తుందని చెప్పారు. నడవాలో బల్ల మీద పడుకోబెట్టారు. బాబాయి తన టోపీ మడిచి ఆమె తల కింద పెట్టాడు.

పిన్ని మధ్యాహ్నం ఆ బల్ల మీదే పోయింది. ఆపరేషన్ చేసే డాక్టరు ఆ ఆసుపత్రిలో ఆకులు రాలే కాలం నుంచే లేడు.