లడ్డు దాచిన ఆయా

బాలచంద్ర తన తల్లి నోటి దాకా లడ్డు ముక్క తెచ్చేసరికి, వార్డు ఆయా ఎస్తేరు అతని మణికట్టు పట్టుకుని ఆపేసింది. ఇంకో గంటలో శకుంతలమ్మకు ఆపరేషను. రాత్రి నుంచి గుక్కెడు మంచినీళ్ళు కూడా తాగకూడదని డాక్టరు చెప్పిన మనిషి.

"కొండ మీంచి తెచ్చినాను. స్వామి ప్రసాదానికే అడ్డమొస్తావా? చర్చికి పొయ్యేదానివి, నీకేం తెలుసు?" అని కొడుకు ఎగిరాడు.

"నాకేం తెలీదులే అన్నా. కడుపులో తిండి ఉంటే మత్తులో పైకొచ్చి ఊపిరికి అడ్డం పడతాదని మటుకు తెలుసు. లడ్డు రేపటికీ ఉంటాది. మీయమ్మ ఉండద్దా?"

ఆ మాటకు అతని చెయ్యి దానంతటదే దిగింది. ఎస్తేరు లడ్డును స్టీలు డబ్బాలో పెట్టి, మూత బిగించి, కాళ్ళూ చేతులూ తగలని పై అరలో భద్రంగా ఉంచింది. పక్క మంచంలోని దేవకమ్మ ఇదంతా కళ్ళారా చూసింది. లోలోపలే మురిసిపోయింది.

దేవకమ్మది వడమాలపేట. తుంటి విరిగి ఆపరేషనై తొమ్మిది రోజులు. డాక్టరు నడవమంటాడు, ఆమె కాలు నేలకు ఆనించదు. మళ్ళీ పడతానన్న భయాన్ని తిట్ల చాటున దాచుకుంది. ఆ తిట్లన్నీ ఎస్తేరుకే. పాకాల నుంచి పొద్దున రైలుకొచ్చి, పన్నెండు మంచాల వాళ్ళకు ఒళ్ళు తుడిచి, పక్కకు తిప్పి పడుకోబెట్టడం పద్నాలుగేళ్ళుగా ఆమె పని. వేన్నీళ్ళు ముందు తన మోచేతి మీద పోసుకుని చూడందే ఎవరినీ ముట్టదు.

"మొగం తుడస్తా ఉండావా, ఇత్తడి బిందె తోముతా ఉండావా?"

"ఇత్తడైతే ఈపాటికి మెరిసుండేదిలే అవ్వా!"

ఆ మధ్యాహ్నం మాత్రం ఎస్తేరు నవ్వలేదు. నలుగురిలో మాట పడ్డ బాలచంద్ర, ప్రసాదం లాక్కుని నేలకేసి కొట్టిందని ఆఫీసులో చెప్పాడట. డబ్బా చూపిద్దామంటే అదీ అతనే పట్టుకుపోయాడు. చూసినవాళ్ళెవరూ వచ్చి చెప్పకపోతే రేపటి నుంచి పనికి రావద్దన్నాడు మేనేజరు. అది చెబుతూనే ఎస్తేరు దేవకమ్మ దుప్పటి సర్దింది. దేవకమ్మ ఆ దుప్పటిని పక్కకు నెట్టేసింది.

"వాని నోట్లో మన్ను పొయ్య! కాగితం తే అమ్మీ. మూడో తరగతి సదివిండా. నా సేత్తోనే రాసిస్తా."

"కాగితమొద్దవ్వా. నేనే రాయించుకున్నానంటారు." ఎస్తేరు గోడవారనున్న వాకరును మంచం దగ్గరికి లాగింది. "ఆఫీసు ఈడే, ముప్పై అడుగులు. నీ ఎనకాలే ఉంటా. నువ్వే నడిచొచ్చి చెప్పు."