పెద్దబాపు ఆదివారాలు

పెద్దబాపు పోయాడన్న సంగతి నాకు కోరుట్ల బస్టాండులో తెలిసింది. ఉద్యోగం ఇంటర్వ్యూకని నిజామాబాదు బయలుదేరాను. బస్సు ఆగితే, ఒకప్పుడు ఆయన దగ్గర కోర్టు అటెండరుగా చేసిన ముసలాయన కిటికీలోంచి నన్ను గుర్తుపట్టాడు. "ఏంది బిడ్డా, గిటు పోతున్నవ్? జడ్జి సాబు తెల్లారంగ జగిత్యాల్ల పోయిండట గద!"

నమ్మకుండానే దిగాను. సర్టిఫికెట్ల సంచి సీటు మీదే మరచిపోయి మళ్లీ ఎక్కి తెచ్చుకున్నాను. రోడ్డు దాటి జగిత్యాల బస్సులో కూచున్నాక కూడా ఏడవాలా, నిజమేనా అని ఇంకెవరినైనా అడగాలా తేలలేదు. దినాలు అయిపోయాయి. ఆయన గురించి నాకు ఇంకా ఏదీ తేలలేదు. మీకు చెబితేనన్నా తేలుతుందేమోనని రాస్తున్నాను.

ఆయన మా బాపుకు అన్న. చదువు కోసం బీర్పూర్ నుంచి వచ్చి ఆయన ఇంట్లో, నేను అక్కా అని పిలిచే ఆయన ఒక్కగానొక్క కూతురితో కలిసి పెరిగాను. ఆయన కోరుట్లలో, తర్వాత సిరిసిల్లలో మేజిస్ట్రేటు; కొలువు అయిపోయాక జగిత్యాలలో ఉన్నాడు. బయట అందరికీ జడ్జి సాబు. సాయంత్రం గేటు చప్పుడైతే పెద్దమ్మ మాత్రం, "మీ చుట్టం అచ్చిండు, నీళ్లియ్యుండ్రి" అనేది.

వారమంతా ఆయన నిజంగా చుట్టమే. నల్లకోటు మేకుకు తగిలించి, వరండాలో బకెట్టు నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూచునేవాడు. ఆ నీళ్లు పారబోసేదాకా ఎవరూ పలకరించకూడదు. ఒకసారి అన్నం తింటూ, "ఇప్పుడేం చదువుతున్నవ్ బిడ్డా?" అని నన్నడిగాడు. నా కాలేజీ దరఖాస్తు మీద ఆయన సంతకం పెట్టింది ఆ పొద్దుటే.

ఆదివారం మాత్రం ఇంటిదని పెద్దమ్మ ఉత్తర్వు. ఆ రోజు మాతో కలిసి అనపకాయలు ఒలిచేవాడు. పొట్టు గిన్నెలో వేసి, గింజలు కింద పారేసేవాడు. "నన్ను కొలువుల నుంచి తీసెయ్యుండ్రి, అప్పీలుకు గూడ పోను" అని నవ్వేవాడు. ఆ నవ్వు పూర్తికాక ముందే గేటు బయట జీపు ఆగేది.

పోలీసులు పట్టుకున్న మనిషిని ఒక రోజు లోపల మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఆదివారం కోర్టుండదు, కాబట్టి ఇంటికే తెస్తారు. పగలు పోలీసులు, రాత్రి అడవిలోంచి వచ్చే అన్నలు తిరిగే రోజులవి. అన్నలకు బువ్వ పెట్టాడనో, సంఘంలో తిరిగాడనో ఎవరో ఒకరిని తెచ్చేవాళ్లు. పెద్దబాపు పోలీసులను వరండాలో ఉంచి, ఆ మనిషిని ముందుగదిలోకి పిలిచి తలుపు వేసేవాడు. "భయపడకు. నిన్నెవలన్న కొట్టిండ్రా?" పక్క వీధి మరమగ్గాల మోతలో జవాబు వినపడకపోతే మళ్లీ అడిగేవాడు. జవాబే రాకపోతే వచ్చేదాకా కూచునేవాడు.

"ముద్దాయిలను అడిగిన దాంట్ల సగం బిడ్డనడుగు. దాని మనసుల ఏమున్నదో ఎరుకయితది" అని పెద్దమ్మ వంటింట్లోంచి దెప్పేది.

"సంతకం చిటికెల పెట్టొచ్చు గని, మనిషిని చిటికెల చూడరాదు" అనేవాడాయన. పెద్దమ్మ మాటకు అది జవాబు కాదని ఆయనకు తోచేది కాదనుకుంటాను.

అక్క మనసులో ఏముందో నాకు తెలుసు. చందుర్తి నుంచి ఒక సంబంధం వచ్చింది, బడిపంతులు. నాతో జడ వేయించుకుంటూ అక్క అద్దంలో నా మొహం చూసి, "నాకు నచ్చిండే" అంది. అంతకు ముందు ఏ సంబంధానికీ అలా అనలేదు. ఒక ఆదివారం సిరిసిల్ల క్వార్టర్‌లోనే తాంబూలాలు పెట్టుకున్నారు. "ఇయ్యాల కోర్టు గీర్టు ఏం లేదు" అని పెద్దబాపు కొత్త ధోవతి కట్టుకున్నాడు.

ఇంకా ఎవరూ రాకముందే జీపు ఒకటి ఆగి, మామూలు బట్టల్లో ముగ్గురు దిగారు. నడుమనున్న కుర్రవాడి చేతుల మీద తువ్వాల కప్పి ఉంది. పెద్దమ్మ వాళ్లను మగపెళ్లివారే అనుకుంది. మగపెళ్లివారు ఆకలితో కూచుంటే మాట వస్తుందని చాప పరిపించి, విస్తళ్లు వేయించింది.

"వద్దమ్మా, మేం సారు కోసం అచ్చినం."

"సారు యాడికి పోతడు? ముందుగాల తినుండ్రి. నువ్వు గూడ కూసో కొడుకా, సిగ్గువడకు. పిలగానికి ఏమైతవ్, తమ్మునివా?"

అతడు విస్తరి ముందు కూచున్నాడు. నేను నీళ్లు పోయబోతుంటే తువ్వాల జారింది. చేతులకు బేడీలు. తలెత్తి చూస్తే, అసలు మగపెళ్లివారు వ్యాను దిగి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

పెద్దబాపు లోపలి నుంచి వచ్చాడు. "విస్తరి ముందట కూసున్న మనిషిని లేపరాదు. బేడీలు తియ్యుండ్రి" అన్నాడు. కుర్రవాడు తలవంచుకుని తిన్నాడు. పెద్దమ్మ పెరుగు రెండోసారి వడ్డించింది. తర్వాత పెద్దబాపు అతణ్ణి ముందుగదిలోకి పిలిచి తలుపు వేశాడు.

పెళ్లికొడుకు తండ్రి కాసేపు ఓర్చుకుని తలుపు తట్టాడు. "బావగారూ, గడియ దాటుతున్నది. గా సంతకం జర గీకి రాండ్రి."

"వస్తున్న, వస్తున్న" అని లోపలి నుంచి మాట వచ్చింది. మనిషి రాలేదు.

పిలుచుకు రమ్మని పెద్దమ్మ నన్ను తోసింది. తలుపు తీస్తే, పెద్దబాపు నేల మీద కూచుని ఆ కుర్రవాడి అరికాళ్లు చూస్తున్నాడు. వాచి నల్లబడి ఉన్నాయి. పొద్దున పెద్దమ్మ ఆయనకు దిద్దిన బొట్టు చెమటకు ముక్కు మీదికి కారింది. నా వైపు చూసి, "ఏందమ్మా, నీది ఏం కేసు?" అన్నాడు. నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. తలుపు వేసి వచ్చేశాను.

"తప్పుగ అనుకోకు చెల్లె" అన్నాడు పెళ్లికొడుకు తండ్రి, లేస్తూ. "ఓ దిక్కు పోలీసులు, ఓ దిక్కు అన్నలు. మీ ఇంట్ల ఇద్దరూ ఒక్క చాప మీద కూసున్నరు. మావోడు పల్లెటూర్ల బడి చెప్పుకునేటోడు, నడుమ నలిగిపోతడు."

"మంచినీళ్లన్న తాగి పోండ్రి అన్నా" అంది పెద్దమ్మ. ఎవరూ తాగలేదు. పంతులు వ్యాను ఎక్కుతూ ఒక్కసారి వెనక్కి చూశాడు. అక్క కిటికీలోనే ఉంది.

తర్వాత అక్కకు కోరుట్లలో పెళ్లయింది. బాగానే ఉంది. నన్ను చదువు మాన్పించాలని మా బాపు వచ్చినప్పుడు, "దాన్ని ఆపాలనుకుంటే ముందుగాల నా ముందట నిలబడు" అని తమ్ముణ్ణి పంపేసిన మనిషి పెద్దబాపు. ఈ నాలుగక్షరాలు ఆయన పెట్టినవే. మరి అక్కకు ఏం పెట్టాడు? ఆ రోజు సంతకం గీకి వచ్చి ఉంటే మంచి తండ్రి అయ్యేవాడా? అటువంటి మనిషి నా చదువు కోసం నిలబడేవాడా? ఎటు నుంచి ఆలోచించినా నేను మొదటికే వస్తున్నాను.

దినాల నాడు పెద్దమ్మకూ అక్కకూ నాకూ మాటామాటా వచ్చింది. తాంబూలాల రోజు చివరికి ఆయన ఎటు చూశాడని.

ఆ కుర్రవాణ్ణి ముందు ఆసుపత్రికి తీసుకుపోవాలని పెద్దబాపు కాగితం మీద రాసిచ్చాడు. రాసినంత మాత్రాన జీపు అటే పోతుందని ఆ రోజుల్లో ఎవరికీ నమ్మకం లేదు. వీధి చివర ఎడమకు తిరిగితే ఆసుపత్రి, కుడికి తిరిగితే, పోయిన మనిషి మళ్లీ రాని, ఊరు దాటే రోడ్డు. జీపు ఆ చివరకు కదిలినప్పుడే మగపెళ్లివారి వ్యాను రెండో చివరకు కదిలింది. పెద్దబాపు చెప్పుల్లేకుండా గేటు బయటికి ఉరికాడు.

"జీపునే చూసిండు. కిటికీలకెల్లి నేను చూసిన" అంది అక్క.

"కాదు, వ్యాను వెంబడి పోయిండు. నడుమల ఆగిండు, గంతే" అంది పెద్దమ్మ.

జీపు ఎడమకే తిరిగింది. అది నేనూ చూశాను. ఆయన ఎటు చూశాడో మాత్రం చెప్పలేను. నేను గేటు లోపల, ఆయన వెనకాలే ఉన్నాను. నాకు కనిపించింది వీపు ఒక్కటే. వీధికి రెండు వైపులా దుమ్ము లేచింది. నడుమ ఆయన, కొత్త ధోవతి అంచు నేల మీద జీరాడుతుంటే, ఎవరినో ఆపడానికి ఎత్తిన చెయ్యి ఇంకా దించకుండా.