చెన్నయ్యకొచ్చిన గుండె జబ్బు

రామేశ్వరమ్మ పుట్టిల్లు మానవపాడు. గద్వాలకు కోడలిగా వచ్చాకే మగ్గమంటే ఏమిటో చూసింది. అత్త దగ్గర కండెలకు నూలు చుట్టడం నేర్చుకుంది. మొగుడు చెన్నయ్య నేయడం, ఆమె కండెలు అందించడం, సంసారమంతా అలాగే సాగిపోయింది.

నిరుడు వాడలో గుండె పరీక్షల క్యాంపు పెట్టారు. ఉచితమంటే ఎవరు కాదంటారు? మొగుడూ పెళ్లామూ ఒకరి వెనక ఒకరు ఎకో తీయించుకున్నారు. సాయంత్రం రిపోర్టులొచ్చాయి. రామేశ్వరమ్మకు ఏ రోగమూ లేదు. చెన్నయ్య గుండె మాత్రం సగం కూడా పనిచేయడం లేదట, బరువు పని ముట్టుకోకూడదట.

ఇక నేయడానికి మగ్గం గుంతలోకి రామేశ్వరమ్మ దిగింది. కండెలు చెన్నయ్య చుట్టాడు. నీళ్ల బిందెలు, బియ్యం మూటలు, బజారు పనులు అన్నీ ఆమె నెత్తినే పడ్డాయి. అతను బిందె మీద చెయ్యేస్తే చాలు, గుడ్లురిమేది.

"నీకేమన్న అయితే నేనేం గావాలె? గమ్మున కూసో."

పాపం, తనకే చేతనయ్యేది కాదు. కాసేపు నేసేసరికి ఆయాసం. పొద్దుగూకేసరికి కాళ్లు ఉబ్బేవి. "మొగునికి గిట్లయినా నీకు ఒళ్లు వంగుతలేదు," అని అత్త దెప్పిపొడిచేది. అత్తను అనడమెందుకు? రామేశ్వరమ్మకే తన మీద రోత పుట్టింది. జబ్బు మనిషి కిక్కురుమనకుండా పని చేస్తుంటే, నిక్షేపంలా ఉన్న తనకేం మాయరోగమని లోలోపల తిట్టుకునేది.

మందులిచ్చే డాక్టరు నెలనెలా అదే కాగితం చూసి అవే మాత్రలు రాసేవాడు. ఇంకోసారి పరీక్ష చేద్దామన్న ఆలోచన ఆ మహానుభావుడికి తట్టనే లేదు. చెన్నయ్యకు కళ్లు తిరగడం ఎక్కువై, చివరికి వనపర్తిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయారు. దవాఖాన మెట్ల మీద సంచీ మోసింది రామేశ్వరమ్మే. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకుంది.

డాక్టరమ్మ కొత్తగా ఎకో తీసి, పాత రిపోర్టు పక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నీ గుండె బాగానే ఉంది చెన్నయ్యా. అవసరం లేని మందులకే కళ్లు తిరుగుతున్నాయి. ఈ రిపోర్టు నీది కాదు. ఆ రోజు నీతో పాటు ఇంకెవరు చేయించుకున్నారు?"

"మా ఇంటామె, మేడం."

ఇద్దరూ తలుపు వైపు చూశారు. రామేశ్వరమ్మ గోడకానుకుని ఇంకా రొప్పుతూనే ఉంది. డాక్టరమ్మ లేచి వచ్చి ఆమె కాలి మీద వేలితో నొక్కింది. పడ్డ గుంట పడ్డట్టే ఉండిపోయింది.

"ఇద్దరి రిపోర్టులూ మార్చి రాశారు. ఈ మందులన్నీ నువ్వు వేసుకోవాల్సినవమ్మా."

చెన్నయ్య నెత్తి పట్టుకున్నాడు. "ఏడాది సంది దీనితోని ఎద్దు చాకిరి చేయిస్తి గద మేడం," అని ఏడ్చేశాడు.

రామేశ్వరమ్మకు ముందు భయం కలగలేదు. వచ్చి కుర్చీలో కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుని, మెల్లగా డాక్టరమ్మను అడిగింది.

"నాది బద్ధకం గాదని మా అత్తకు జర మీరే ఫోన్ల చెప్తరా మేడం?"