మలుపు అవతల తెల్ల మేడ

సముద్రపు పాయకు అవతలున్న ఆ దీవి గురించి లాంచీ నడిపే సరంగుకు తెలిసిందల్లా రేవు, తాడు కట్టే గుంజ, పైకి పోయి మలుపు తిరిగే దారి. అంతే. దిగి చూసే తీరిక ఎక్కడిది? జనాన్ని దింపి, ఎక్కేవాళ్లను ఎక్కించుకుని వెంటనే తిరగాలి. ఆలస్యమైతే నీళ్లు తగ్గి లాంచీ బురదలో చతికిలపడుతుంది.

ఆయన భార్యకు పడవంటేనే కడుపులో తిప్పుతుంది, ఎన్నడూ ఎక్కలేదు. కానీ ఆరా తీయడంలో ఆమె తర్వాతే ఎవరైనా. "ఆ మలుపు అవతల ఏముంటుంది?" అని కొత్తకాపురంలోనే అడిగింది. తెలియదంటే చిన్నతనమని తెల్ల మేడ ఉందన్నాడు. మర్నాడు మేడ ముందు ఉయ్యాల వచ్చింది. ఆ తర్వాత ఉయ్యాల్లో ఒక ముసలావిడ, ఆవిడకో చిలుక, చిలుకకు బోలెడంత పొగరు. అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. మన సరంగు అతికించి, పైన రంగు కూడా వేశాడు.

చాలా ఏళ్లకు వంతెన స్తంభాలు లేవడం మొదలైంది. భార్య నడిచొచ్చి చూస్తుందేమోనని భయపడి, కథలో ముసలావిడను చంపేశాడు. భార్య ఆ పూట అన్నం ముట్టలేదు.

చివరికి వంతెన పూర్తయింది, లాంచీ ఆగిపోయింది. తాళాలు అప్పగించి ఇంటికొచ్చిన సరంగుకు, రేపటి నుంచి తానేం మనిషో తెలియక దిగులేసింది. భార్య మాత్రం, "ఇక నేనూ నడిచి రాగలను. పొద్దున్నే ఆ మేడ చూపించు" అంది. పని ఎలాగూ పోయింది, ఇప్పుడు పరువు కూడా పోయేలా ఉంది.

వంతెన మీద మోకాళ్ల నొప్పులన్నాడు, ఎండన్నాడు. ఆమె ఆగలేదు. తీరా మలుపు దగ్గరికొచ్చేసరికి ఆయనే ముందుగా మెడ చాచి చూశాడు. అక్కడేముందో తనకూ తెలియదు కదా.

మూతపడ్డ ఐసు గోదాం ఉంది. విరిగిన పెట్టెలున్నాయి. వాటి నీడలో ఓ కుక్క నిద్రపోతోంది.

"మేడా లేదు, చిలుకా లేదు. నేనిక్కడికి ఎప్పుడూ రాలేదు" అన్నాడు తల దించుకుని.

ఆమె ఒక పెట్టె మీద కూర్చుంది.

"అయితే ఆ ముసలావిడ చచ్చిపోలేదన్నమాట" అంది.

"లేదు."

"అనవసరంగా ఏడిపించావు కదయ్యా." ఆమె నవ్వి, అటు తిరిగి, నీళ్లకు అవతల తమ ఇల్లు వెతుక్కుంది. తీగ మీద తన చీర ఆరుతోంది. "ఆ చివరింట్లో ఎవరుంటారు?"

"ఒక ముసలాయన. నిన్నటిదాకా లాంచీ నడిపేవాడు."

"మరి రేపట్నుంచి ఏం చేస్తాడు?"

కథ నోటిదాకా వచ్చింది. సరంగు దాన్ని మింగేశాడు.

"తెలీదు" అన్నాడు, ఆమె పక్కన కూర్చుంటూ. ఆ మాట అన్నందుకు ఆయనకు చిన్నతనమేమీ అనిపించలేదు.