గాలి గొట్టంలో గొంతు

మా వీధిలో ఎవరైనా ఓడ ప్రయాణం పెట్టుకుంటే ముందు నా దగ్గరికే వస్తారు. ఈమధ్య దాన్ని క్రూజ్ అంటున్నారు, ఓడలోనే ఈతకొలనూ పాటలూ ఉంటాయట. ఉండనీ. నేను చెప్పేవి నేను చెప్తాను. ఓడ మధ్యలో ఉండే కింద బెర్త్ అడగండి, ఊపు తక్కువ. కడుపు ఖాళీగా ఉంచొద్దు, ఖాళీ కడుపుకే వాంతులెక్కువ. వేయించిన అటుకులు, నిమ్మకాయ ఊరగాయ, ఎండబెట్టిన అల్లం ముక్కలు చేతిసంచిలో పైనే ఉండాలి. తల తిరిగితే పైకెళ్ళి నీళ్ళూ ఆకాశమూ కలిసేచోటు చూడండి, దగ్గరి అలల్ని మాత్రం చూడకండి. గుమ్మాలకి మోకాలెత్తు ఇనుప గడపలుంటాయి, చేతులు ఖాళీగా ఉంచుకుని, కమ్మీ పట్టుకుని దాటండి.

ఇప్పటి ఓడల్లో ఇవేవీ ఉండవు ఆంటీ అని నవ్వుతారు. నవ్వనీ. ఇన్ని చెప్పి చివరి మాట ఒకటి మింగేస్తాను. ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకే పలకండి అని చెప్పాలని ఉంటుంది. చెప్తే ఎందుకని అడుగుతారు. ఎందుకో ఇన్నేళ్ళలో మా ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో నాకు పెళ్ళయింది. మా ఇల్లు మల్కాపురం, నాన్న పోర్టులో క్రేన్ల దగ్గర పని చేసేవాడు. ఓడల కూతలు వింటూ పెరిగానే గానీ ఓడ ఎక్కింది లేదు. నా భర్త పోర్ట్ బ్లెయిర్‌లో కలప మిల్లులో పనికి కుదిరాడు. పెళ్ళయిన ఐదో నెలలో గది దొరికింది, పంపించమని ఉత్తరం రాశాడు. మాలో కొత్త కాపురానికి పిల్లని ఒంటరిగా పంపరు. పెద్దావిడ ఒకరు తోడెళ్ళి, ఆ ఇంట్లో పాలు పొంగించి, నాలుగు రోజులుండి రావాలి. అమ్మకి ఉబ్బసం, మూడు రోజుల సముద్రం తన వల్ల కాదంది. అప్పుడు మా మేనత్త ముందుకొచ్చింది.

అత్త నాన్నకి అక్క. పద్మనాభం ఊరి దగ్గర పల్లెలో ఎకరన్నర వరి చేను ఒంటి చేత్తో చేసుకునేది. చిన్నప్పుడే భర్త పోయాడు, పిల్లల్లేరు. సెలవులన్నీ నేను ఆవిడ దగ్గరే గడిపాను కాబట్టి నన్ను సగం పెంచింది ఆవిడే. నాట్ల కాలంలో పదిమంది ఆడవాళ్ళని వెనకేసుకుని అందరికంటే ముందు నడిచేది. యాభై దాటినా నడుం పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఈ గుంటని నాను దింపొత్తాను. సముద్రమైతే ఏటి, అదీ నీరే గదా" అంది నాన్నతో.

అత్తకి ఒక నియమం ఉండేది. గడప దాటాక వెనకనుంచి ఎవరు పిలిచినా ఒక్క పిలుపుకి పలకకూడదు. రెండోదానికీ పలకకూడదు. మూడోసారి పిలిస్తే మనిషి. మనిషి కానిది మూడుసార్లు పిలవలేదట. చేలగట్ల మీద చీకటి పడే వేళ ఆవిడ వెంట నడుస్తూ నేను ఇది నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే చిన్నమాట, నా ఒంట్లోకి ఎక్కిపోయింది. బడిలో పంతులు హాజరు పిలిస్తే మూడోసారికి గానీ పలక్క బెత్తం దెబ్బలు తిన్నాను. అందుకే మా ఇంట్లో అందరం ఒకరినొకరు మూడుసార్లు పిలుచుకునేవాళ్ళం. అత్త కూడా "అమ్మీ" అని ఆగి, "అమ్మీ" అని ఆగి, మళ్ళీ "అమ్మీ" అనేది. మూడోదానికి నేను పరిగెత్తేదాన్ని.

ఓడ ఫలానా రోజు అంటే ఆ రోజే బయల్దేరుతుందని అప్పట్లో ఎవరూ నమ్మేవారు కాదు. మా ఓడ రెండు రోజులు ఆలస్యమైంది. ఎట్టకేలకు రేవు కాలవలోంచి యారాడ కొండ పక్కగా బయటికొస్తుంటే అత్త పసుపూ కుంకుమా నీళ్ళలో చల్లి, కొబ్బరికాయ విసిరి, గంగమ్మకి దణ్ణం పెట్టింది. కొండ మీద దీపస్తంభం కనబడినంతసేపూ నేను నాన్న ఉన్న వైపే చూస్తూ నిలబడ్డాను. ఏడుపొచ్చింది. అత్త చూసీ చూడనట్టు ఊరుకుంది.

మాది బంక్ క్లాసు. ఓడ కడుపులో పెద్ద హాలు, వరసలు వరసలుగా రెండంతస్తుల ఇనుప మంచాలు. కిటికీ అనేది లేదు. బల్బులు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండేవి, టైం తెలియాలంటే భోజనం గంట కొట్టాలి. నూనె వాసన, వాంతుల వాసన, కింద ఇంజన్ మోత. ఆ మోత కొంతసేపటికి వినిపించడం మానేస్తుంది, పళ్ళలో మాత్రం తెలుస్తూ ఉంటుంది. అత్తకి కింద మంచం, నాకు పైది. నా తల దగ్గర గోడలో గాలి వచ్చే గొట్టం ఒకటి ఉండేది, నా పిడికిలి పట్టేంత వెడల్పు, మూతికి జల్లెడ బిగించి ఉంది. అందులోంచి ఉప్పు వాసనతో చల్లగాలి వచ్చేది. మంచి చోటు దొరికిందని సంబరపడ్డాను.

రెండో రోజు పొద్దున్న కాఫీ గంట అయ్యాక మళ్ళీ పడుకున్నాను. గొట్టంలోంచి "అమ్మీ" అని వినిపించింది. అత్త గొంతు. అదే సాగతీత, చివర్లో అదే చిన్న విరుపు. నేను తల వంచి కిందికి చూశాను. అత్త మంచం మీద వెల్లకిలా పడుకుని నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఛాతీ లేచి పడుతోంది. నేనలా చూస్తుండగానే పైన గొట్టం ఇంకోసారి "అమ్మీ" అంది.

గొట్టానికి దూరంగా జరిగాను. పలకలేదు. మూడో పిలుపు రాలేదు.

ఇవాళ ఆలోచిస్తే దానికి సమాధానం ఉంది. ఆ ఓడ నిండా మా వైపు జనమే, శ్రీకాకుళం వాళ్ళూ విజయనగరం వాళ్ళూ. కూతుర్ని అమ్మీ అని పిలిచే ముసలమ్మలు పాతికమందికి తక్కువుండరు. గొట్టంలో పడితే అందరి గొంతూ ఒకేలా ఉంటుంది. ఇలా నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ ఆ విరుపు మా అత్తదే. ఆ విషయంలో నేను వెనక్కి తగ్గను.

అత్త లేచాక చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గొట్టం వంక చూసి, నా చేయి పట్టుకుంది.

"పలికినావేటి?"

"లేదత్తా."

"మంచి పని సేసినావు. నీటి మీద మరీ జాగర్త. నా గొంతుతో పిలిసినా సరే, మూడు పడితేగానీ పలక్కు. ఇన్నావా?"

విన్నాను. ఆ మాటే నా చెవుల్లో పెట్టుకుని కూర్చున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం సముద్రం లేచింది. ఓడ ఒక పక్కకి ఒరిగి, కాసేపు ఆలోచించి, రెండో పక్కకి ఒరిగేది. హాల్లో ఎవరిదో ఇత్తడి చెంబు ఆ చివరి నుంచి ఈ చివరికి దొర్లుతూ ఉంది, లేచి పట్టుకునే ఓపిక ఎవరికీ లేదు. నేను ముసుగు పెట్టి పడుకున్నాను. కొంతసేపటికి గొట్టం పిలిచింది.

"అమ్మీ."

ఈసారి గొంతు నీరసంగా ఉంది. నేను కిందికి చూశాను. అత్త దుప్పటి తల మీదికి లాక్కుని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి కింద భుజం, నడుం, కాళ్ళు అన్నీ కనబడుతున్నాయి. హమ్మయ్య అనుకున్నాను.

"అమ్మీ."

రెండు. చెవులు మూసుకున్నాను. మళ్ళీ మూడోది వినాలని తీశాను. గొట్టంలో గాలి తప్ప ఏమీ లేదు. నేను గెలిచాననుకున్నాను. నిజం రాయాలంటే నాకు గర్వంగా కూడా అనిపించింది. అత్త లేవగానే చెప్పి మెచ్చుకోలు కొట్టేయాలనుకుంటూ నిద్రపోయాను.

సాయంత్రం టీ గంటకి దిగి అత్త భుజం మీద చేయి వేశాను. మెత్తగా లోపలికి పోయింది. దుప్పటి తీస్తే బట్టల మూట, తలగడ, అటుకుల సంచి వరసగా పేర్చి ఉన్నాయి. బస్సులో సీటు మీద తువ్వాలు వేసినట్టు, లేచి వెళ్తే మంచం ఎవరైనా ఆక్రమిస్తారేమోనని మనిషి పడుకున్నట్టు సర్ది వెళ్ళింది. మా ఊరివాళ్ళు తప్ప ఇలాంటి పని ఎవరూ చేయరు.

నేను ఎన్ని మెట్లెక్కానో నాకు తెలియదు. పై అంతస్తులో ఆడవాళ్ళ స్నానాల గది ముందు నలుగురు గుమిగూడి ఉన్నారు. అప్పుడే చూశారట. అత్త గడప ఇవతల, స్నానాలకి వాడే సముద్రపు ఉప్పునీళ్ళలో పడి ఉంది. జనం లేని వేళ స్నానం చేద్దామని బకెట్ పట్టుకుని వెళ్ళిందట. గడప తొక్కకూడదని కాలు బాగా ఎత్తి దాటబోతే ఓడ ఒరిగింది. తుంటి విరిగింది. రెండు గంటలకు పైగా ఆ నీళ్ళలోనే ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి.

ఓడలో పనిచేసే మల్కాపురం కలాసీ ఒకాయన అత్తని స్ట్రెచర్ మీదికి ఎత్తించాడు. నేను గోడ వైపు చూశాను. గడపకి జానెడు ఎత్తులో జల్లెడ బిగించిన గొట్టం మూతి ఉంది.

"అదేటి బావా?" అని ఆయన్ని పక్కనున్న ప్రయాణికుడు అడిగాడు.

"కింద హాలుకి గాలి ఎల్లే గొట్టం. ఇక్కడ మాటాడితే కిందకి ఇనిపిత్తాది, కింద మాటాడితే ఇక్కడకీ వత్తాది" అన్నాడు కలాసీ. తర్వాత నా వైపు తిరిగి, "ముసిలామె పిలవలేదేటి సెల్లెమ్మా?" అని అడిగాడు.

నేను స్ట్రెచర్ వెనకాలే నడిచాను.

ఓడ డాక్టరు సూది మందు ఇచ్చాడు. అత్త కళ్ళు తెరిచి నన్ను చూసి, తిడుతుందనుకుంటే, నా చెంప నిమిరింది.

"దారి తప్పినావేటే? ఈ ఓడలో అన్ని దార్లూ ఒక్కలాగే ఉన్నాయి."

నాకు అర్థం కాలేదు.

"నాను పిలవగానే పలికినావు గదా. 'వత్తన్నానత్తా' అన్నావు. రెండోపాలి పిలిసినా అదే అన్నావు. ఇంక మూడోపాలి ఎందుకు, వత్తాది గదా పిల్ల అని ఊరుకున్నాను. నీ కోసం సూత్తానే ఉన్నాను. తరవాత తెలివి తప్పింది."

నేను పలకలేదు. నా నోరు తెరుచుకోలేదు. ఎదురు మంచం మీదావిడని తర్వాత అడిగితే, నువ్వు కిక్కురుమనలేదు కదమ్మా అంది. హాల్లో ఇంకెవరి కోడలో వాళ్ళత్తకి బదులిచ్చి ఉండొచ్చు. ఇదీ నాకు నేను చెప్పుకునే సమాధానమే. ఏమైనా, అత్త నోరు మూయించింది ఆ బదులు. ఇంకొక్కసారి పిలిచి ఉంటే నేను ఎగిరి వెళ్ళేదాన్ని.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. "దారి తప్పానత్తా" అన్నాను.

పోర్ట్ బ్లెయిర్‌లో అత్తని స్ట్రెచర్ మీదే దించారు. పాలు నేనే పొంగించుకున్నాను. మూడు నెలలు ఆస్పత్రిలో ఉంచి అదే ఓడలో వెనక్కి పంపాం. నాన్నే పోర్ట్ బ్లెయిర్ వచ్చి వెంట తీసుకెళ్ళాడు. అత్త మళ్ళీ చేలో దిగలేదు. చేను కౌలుకిచ్చి అరుగు మీద కూర్చుంది. వచ్చినవాళ్ళందరికీ ఓడ కథ చెప్పేదట, చివర్లో ఒకటే మాట: "మా గుంట బంగారం. ఒక్క పిలుపుకే పలికింది. పాపం దారి తెలీలేదు." నాన్న ఉత్తరాల్లో ఈ మాట రాసినప్పుడల్లా నేను ఆ ఉత్తరం మడిచి, రెండు రోజులు అన్నం సహించక తిరిగేదాన్ని.

ఎనభైల మధ్యలో నా భర్తకి ఉక్కు ఫ్యాక్టరీ కట్టే చోట పని దొరికి గాజువాక వచ్చేశాం. అప్పటికి అత్త మంచం పట్టింది. పట్టుబట్టి మా ఇంటికి తెచ్చుకున్నాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. మెచ్చుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. మేనత్తకి ఇంత సేవ ఎవరు చేస్తారు అనేవారు. ఎందుకు చేస్తున్నానో నాకు తెలుసు.

ఒకనాడు పొద్దున్న వంటింట్లో చారు పెడుతున్నాను. ముందు గదిలోంచి అత్త పిలిచింది.

"అమ్మీ."

అత్త మా ఇంటికొచ్చినప్పటినుంచీ మూడో పిలుపుకి పరిగెత్తడమే గానీ గొంతెత్తి పలికింది లేదు; నియమమంతా ఒంట్లో అలాగే ఉంది, అది పలకొద్దంటూనే ఉంది. నేను గరిటె కింద పెట్టి, ఆ మొదటి పిలుపుకే, గొంతెత్తి పలికాను.

"వత్తన్నానత్తా!"

పరిగెత్తుకుని వెళ్ళాను. అత్త కళ్ళు విప్పి నా వైపు కాదు, నేను వచ్చిన గుమ్మం వైపు చూస్తోంది. నుదురు ముడిపడి ఉంది. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు పెదాలు కదిపింది.

"ఏటత్తా, నీళ్ళు కావాలా?"

అత్త నా చేయి పట్టుకుంది. ఓడలో పట్టుకున్నట్టే.

"అమ్మీ, ఆవేళ ఓడలో పలికిన గొంతు ఇది కాదే" అంది.

నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాను. అత్త నా తల మీద చేయి వేయలేదు. గుమ్మం వైపే చూస్తూ, ఎవరో వినకూడదన్నట్టు గొంతు తగ్గించి, "మరైతే నాకు పలికిందెవులే?" అని అడిగింది.